అభికి ఎవరు చెప్పారు?

"గా పిల్లకు బలుపు గాకపోతే ఏంది? మొగడు కాళ్ల కాడ కూసుండి అన్నం తినిపిస్తుంటె మొకం తిప్పుకుంటదా?" అంది అనిల, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

ఆమె తిడుతున్నది చైత్రను. ఫోన్‌లో వారం వారం వచ్చే 'బయటి గొళ్లెం' అనే సీరియల్‌లో చైత్ర ఒక పాత్ర. అభి అనే డబ్బున్న మనిషి ఆమెను రైల్వే స్టేషన్ నుంచి ఎత్తుకుపోయి, కొండ మీది బంగళాలో దాచి, అక్కడే తాళి కడతాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో చైత్ర తలలో తిరిగేదంతా కథే. ఒకనాడు భయం, ఒకనాడు అలవాటు, ఒకనాడు అతను నిద్రపోతుంటే దిండు వైపు చూపు. చదివేవాళ్ల ఒళ్లు జలదరించాలి. అనిలకు మాత్రం చైత్ర పేరెత్తితే ఒళ్లు మండుతుంది.

పొయ్యి దగ్గర పోపు వేస్తున్న పద్మలత నవ్వు దాచుకుంది. ఆ సీరియల్ రాసేది తనే. 'వానజల్లు' అనే కలం పేరు వెనక, కామారెడ్డిలో పెళ్లికార్డుల దుకాణంలో కూర్చునే ఆడమనిషి ఉందని ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు.

అనిల, పద్మలత ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లు. ఇప్పుడు ఒకే ఇంటి తోడికోడళ్లు, యారాళ్లు కూడా. అనిల మొగుడు భీమేష్ మస్కట్‌లో పని చేస్తాడు, ఎప్పుడో సెలవు దొరికితే వస్తాడు. కొడుకు సాయికిరణ్ హైదరాబాదులో చదువుకుంటున్నాడు. భీమేష్ తమ్ముడు శైలేందర్ పద్మలత మొగుడు. స్టేషన్ రోడ్డులో పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు కొట్టే దుకాణం అతనిదే. పేరుకు అతనిది. కంప్యూటర్ ముందు కూర్చొని టైపు చేసేది, మేనమామల పేర్లు మర్చిపోయి వచ్చినవాళ్లకు గుర్తు చేసేది, అచ్చుకు పోయేముందు ముహూర్తం వేళ మళ్లీ మళ్లీ సరిచూసేది పద్మలత. పొద్దున ఇంట్లో వంట, గిన్నెలు, బట్టలు. ఆ తర్వాత దుకాణం. పొద్దుగూకాక మళ్లీ పొయ్యి. ఒక ఏడు పెళ్లిళ్ల కాలంలో నడుము పట్టేసి లేవలేకపోతే, ఎవరినైనా జీతానికి పెట్టుకుందామని అడిగింది. "ఇంట్ల మనిషుండంగ జీతగాడెందుకు" అన్నాడు శైలేందర్. మరి ఆ జీతమేదో నాకే ఇవ్వరాదా అని నవ్వుతూ అంది. అతనూ నవ్వాడు. "తినే బువ్వ యాడికెళ్లి వస్తుందనుకున్నవ్?" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని గొంతులో కోపం కూడా లేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

కార్డు చూసుకోవడానికి కొత్త జంట వస్తే శైలేందర్ తప్పకుండా ఒక మాట అంటాడు. "మాకైతె కార్డే లేదు. మా ఆమెను డైరెక్టు ఎత్కొచ్చి చేసుకున్న. గంత పావురం, గంత ప్రేమ మరి." వచ్చిన పిల్ల కళ్లు పెద్దవి చేసి పద్మలత వైపు చూస్తుంది. "నిజమా అక్కా? సినిమా లెక్కనే ఉన్నది." పద్మలత చాయ్ గ్లాసులు ముందు పెట్టి నవ్వుతుంది. ఆ నవ్వు తన ముఖానికి ఎప్పుడు అతుక్కుందో ఆమెకే తెలియదు. అట్లా ఒక జంట వెళ్లిపోయిన మధ్యాహ్నం, దుకాణంలో ఎవరూ లేని వేళ, కార్డు మూసేసి ఖాళీ పేజీలో ఒక వాక్యం టైపు చేసింది. తలుపుకు బయటి నుంచి గొళ్లెం పడిన చప్పుడు గురించి. చెరిపేద్దామనుకుంది. చెరపలేకపోయింది. ఇంత కాలం ఇతరుల పేర్లు, ఇతరుల శుభలేఖలు టైపు చేసిన వేళ్లు ఆ వాక్యం దగ్గర ఆగలేదు.

కథలో అన్నీ మార్చింది. బస్సును రైలు చేసింది. జొన్నచేల మధ్య రేకుల ఇంటిని కొండ మీది బంగళా చేసింది. ఆ ఇంట్లో ఉన్న భయాన్ని మాత్రం మార్చలేదు. చదివేవాళ్లు ఆ భయాన్ని గుర్తుపడతారని అనుకుంది. వేల మంది ఆడవాళ్లు చదువుతున్నారు, ఒక్కరైనా "అయ్యో తల్లీ" అంటారని ఆశపడింది. ప్రతి భాగం కింద వందల కామెంట్లు వచ్చాయి. "అభి లాంటివాడు దొరికితే నన్నూ ఎత్తుకుపొమ్మనండి." "సైకోనే కానీ మనసున్న సైకో." "పెళ్లయిపోయింది కదా, ఇంకా కిడ్నాప్ కిడ్నాప్ అంటుందేమిటి ఈ చైత్ర?" "రైటర్ గారూ, ప్లీజ్, వాళ్లిద్దరినీ కలిపెయ్యండి." బంగళాలో మొదటి రోజు అభి గుమ్మం దగ్గరే నిలబడి, "తాళి కట్టేదాకా నీ మీద చెయ్యి వెయ్యను" అంటాడు. ఆ ఒక్క మాటకు వచ్చినన్ని ఎర్ర గుండెలు మొత్తం కథలో మరే మాటకూ రాలేదు. పద్మలత వాటిని కిందికి జరుపుతూ పోయి, ఫోన్ బోర్లా పెట్టి, కళ్లు మూసుకుంది. చెవిలో చెప్పుకున్న సంగతిని నలుగురిలో పెట్టి నవ్వినట్టుంది.

ఆ గుండెల్లో కొన్ని తన బిడ్డవి కూడా. నిరోష ఇంటర్ రెండో ఏడు. అన్నం తింటూ కూడా ఆ సీరియలే. "అభి ఎంత క్యూట్ మమ్మీ. నువ్వు, డాడీ కూడ గిట్లనే గదా?" అంది ఒక రోజు. పద్మలత పచ్చడి గిన్నె జరిపి, నవ్వింది. ఏమని చెప్పాలి. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచీ విన్న కథ అది. నాయనమ్మ పోచవ్వ చుట్టాల ముందు చెప్పేది, "మా చిన్నోడు పట్టువడితె ఇడిసెటోడు గాదు" అని. పెద్దమ్మ అనిల చెప్పేది. పండుగకు వచ్చిన ప్రతివాళ్లూ చెప్పేవాళ్లు. ఒక్కసారీ కాదనని తల్లి కూడా, ఒక విధంగా, అదే కథ చెప్పినట్టే కదా.

జరిగింది వేరు. ఆ ఏడు పద్మలతకు పంతొమ్మిది నిండాయి. పుట్టిల్లు నాగిరెడ్డిపేట దగ్గర, పోచారం కాలువ కింది పల్లె. అనిల పెళ్లయి కామారెడ్డికి వచ్చి ఏడాది. అక్క మరిది శైలేందర్ ఆమెను చేసుకుంటానన్నాడు. పద్మలత వద్దంది. బాపు కూడా పిల్ల ఇష్టమన్నాడు. అప్పటి నుంచి చదువుకు పోతూ ఎల్లారెడ్డి బస్టాండులో ఆమె దిగే వేళకు శైలేందర్ కనబడసాగాడు, ఒకరోజు స్తంభం పక్కన, ఒకరోజు చాయ్ హోటల్ ముందు. అందుకే ఆమె ఊరు దాటి పోవలసిన రోజు వచ్చినప్పుడు, ఎప్పుడూ ఎక్కే బస్సు వదిలేసి, తెల్లవారగానే వచ్చే బస్సెక్కింది. ఎల్లారెడ్డిలో దిగి కామారెడ్డి బస్సు కోసం నిలబడితే ఒక వ్యాను వచ్చి ఆగింది. శైలేందర్ దిగాడు. "వదినెకు మంచిగ లేదు. రక్తం పోతున్నది. దవఖానల పండవెట్టినం, నిన్నే అడుగుతున్నది" అన్నాడు. అనిల అప్పుడు కడుపుతో ఉంది. పద్మలత ఇంకేమీ అడగలేదు. తనే ఉరికి వ్యానెక్కింది.

వ్యాను కామారెడ్డికి పోలేదు. జుక్కల్ అవతల చేలల్లో ఒక ఇంటి ముందు ఆగింది. అక్కడ అన్నం తెచ్చే ముసలామె మాట్లాడేది కన్నడమో మరాఠీయో కూడా పద్మలతకు అర్థం కాలేదు. కొంగు పట్టుకొని ఏడిస్తే ఆమె తల నిమిరి, బయటికి పోయి, గొళ్లెం పెట్టింది. తన వాళ్లెవరూ లేకుండా ఒక చిన్న గుడిలో తాళి పడింది. ఇంటికి తెచ్చాక పెద్దమనుషులు కూర్చున్నారు. అయ్యిందేదో అయ్యింది, ఇక పిల్లను ఎవరు చేసుకుంటారన్నారు. ఠాణాకు పోతే, మేజరువే గదా, తాళి ఉంది గదా, బండి కూడా నువ్వే ఎక్కినవ్ గదా అన్నారు. బాపు తల వంచుకొని బయటికి నడిచాడు.

ఆ రోజుల్లో ఆమెకు మిగిలింది అక్క ఒక్కతే. అనిల గట్టిగా పట్టుకొని ఏడ్చింది. "నా పేరు చెప్పి నిన్ను మోసం చేసిండ్రు చెల్లె" అంది. అన్నం కలిపి నోట్లో పెట్టింది. జ్వరం వస్తే పక్కన పడుకుంది. నిరోష పుట్టినప్పుడు నీళ్లు పోసింది, పత్యం వండింది. ఆ ఇంట్లో పద్మలత మెల్లగా మాట్లాడడం, తినడం, నవ్వడం మళ్లీ నేర్చుకున్నదంటే అక్క చేతుల మీదుగానే. అక్క లేకపోతే నేను ఏనాడో చచ్చిపోయేదాన్ని అని ఎంత మందితో చెప్పిందో.

సీరియల్ సగం దాటాక, ఆ వందల కామెంట్ల నడుమ ఒకటి కనిపించింది. పేరు లేదు, మల్లెపూల బొమ్మ ఉంది. "రైటర్ గారూ, అంతా బాగుంది కానీ ఒక్క సంగతి అర్థం కాలేదు. చైత్ర తన రైలు మార్చుకున్నది ముందు రోజు సాయంత్రమే కదా. ఆమె ఆ రైలుకు వస్తుందని అభికి ఎవరు చెప్పారు?"

పద్మలత దుకాణంలో కూర్చొని ఉంది. ఎదురుగా ఎవరిదో గృహప్రవేశం కార్డు సగం టైపు చేసి ఉంది. ఆ ప్రశ్నను చదివి, కథలో తప్పు దొరికినందుకు మొదట సిగ్గుపడింది. తర్వాత ఆ సిగ్గు మెల్లగా వేరే ఏదో అయింది. నిజమే, శైలేందర్‌కు ఎవరు చెప్పారు? ఇన్నేళ్లలో ఆ మాట తను అతన్ని అడగలేదు, తనను తాను అడగలేదు. అతను ఎప్పుడూ వెంటపడేవాడు గనక ఆ రోజూ పడ్డాడనుకుంది. కానీ ఆ బస్సు సంగతి ముందు రోజు సాయంత్రం దాకా తనకే తెలియదు. అవ్వకూ బాపుకూ అన్నం తినేటప్పుడు చెప్పింది. వాళ్లు ఎక్కడికీ కదలలేదు. అంతకుముందు, కిరాణా దుకాణం కాయిన్ బాక్సు నుంచి ఒక ఫోన్ చేసింది. "రేపు మొదటి బస్సుకే వస్తున్న అక్కా, వాడు లేవకముందే. ఎవలకు చెప్పకు" అంది. ఎవలకు చెప్పకు అని కూడా అంది.

ఆమె లేచి, మొహం కడుక్కొని వచ్చి, గృహప్రవేశం కార్డు పూర్తి చేసింది. అక్క మాట్లాడుతుంటే పక్క గదిలో ఎవరో విని ఉంటారు. అత్తమ్మ విని ఉంటుంది. ఇల్లు అప్పుడూ ఇంత చిన్నదే కదా. రోజంతా అక్క తరఫున సాక్ష్యాలు వెతికింది, అక్కకు తెలియకుండానే. అన్నం వడ్డిస్తుంటే అనిల "ఏమైందే గట్లున్నవ్, తలనొస్తుందా" అని నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి చల్లగా, ఎప్పటిలాగే ఉంది. పద్మలతకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అయినా ఆ ప్రశ్న వదల్లేదు. చివరికి దాన్ని కథలోనే పెట్టేసింది. అభికి రైలు సంగతి చెప్పింది చైత్ర అక్క అని రాసింది. కథలో పడితే అది కథగానే ఉండిపోతుందని, తన ఇంటి గుమ్మం తొక్కదని ఒక పిచ్చి నమ్మకం. కథలోని అక్క పిరికిది, అభి బెదిరిస్తే చెప్పేస్తుంది. అంతే రాసింది. పాఠకులు ఊగిపోయారు. "ట్విస్ట్ అదిరింది" అన్నారు. "ఛీ, అక్కేనా" అన్నారు. అభిని మాత్రం ఎవరూ ఛీ అనలేదు.

మర్నాడు మధ్యాహ్నం డాబా మీద ఆరిన దుప్పట్లు తీస్తున్నారు అక్కాచెల్లెళ్లు. పెద్ద దుప్పటి ఒక్కరికి మడత పడదు. చెరో కొస పట్టుకున్నారు.

"కొత్త భాగం చదివినవా అక్కా?"

"చదివిన." అనిల కొస దులిపింది. "గా రైటర్‌కు బుద్ధి లేదు. మంచిగ నడిచే కథల అక్కను తెచ్చి దొంగను చేసింది."

"చెప్పింది అక్కనే గదా మరి."

"చెప్తె చెప్పింది. ఎందుకు చెప్పిందో రాయాలె గదా. పొద్దుగాల బస్సుకు వస్తదని చెప్పినంత మాత్రాన చెల్లె మీద పగ ఉన్నట్టా? చెల్లె బతుకు ఒక గట్టు మీద పడాలె అనుకున్నదేమో. రైటర్‌కేం తెలుసు."

పద్మలత చేతిలో దుప్పటి కొస అట్లాగే ఉంది. కింద వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు, అది అంటుకోవడం లేదు.

"బస్సు గాదక్కా," అంది. "కథల రైలు."

"ఏదో ఒకటి." అనిల దుప్పటి మడత పెట్టడానికి ముందుకు వచ్చింది, చెల్లెలి ముఖం చూడకుండా. చూడకపోవడమే పద్మలత చూసింది.

"ఆ కథ రాసేది నేనే," అంది.

అనిల ఆగిపోయింది. ఒక్కసారి మెట్ల వైపు చూసింది, ఎవరైనా విన్నారేమో అన్నట్టు. గొంతు తగ్గించి, "అయితె నీకు ముందుగాలనే ఎర్కనా?" అంది.

"ఎర్క లేదు. ఇప్పుడే అయింది."

అనిల పిట్టగోడకు ఆనుకొని కూర్చుంది. కూర్చున్నాక మాటలు వాటంతటవే వచ్చాయి.

"నీకు గప్పటి సంగతి తెల్వదు. పెండ్లయిన కొన్నాళ్లకే మీ బావ మస్కట్ పాయె. ఇంట్ల అత్తమ్మ, వాడు, నేను. వాడు రోజు పురుగుల మందు డబ్బ పట్టుకొని నా ముంగట కూసునేటోడు. నీ చెల్లెను నాకియ్యకుంటె తాగి చస్త, నీ పేరు రాసి చస్త అనేటోడు. అత్తమ్మ నాతోని మాట్లాడుడే బంద్ చేసింది. కడుపుతోని ఉన్న. ఒక్కదాన్నే. నువ్వు ఫోన్ చేసినవ్. నువ్వైతె పోతున్నవ్. నువ్వు పోతె మల్ల యాడ చిక్కుతవ్, నన్ను యాడ యాది చేస్తవ్ అనిపిచ్చింది. ఈ ఇంట్ల నా అనేటోళ్లు ఒక్కలుంటె సాలు అనిపిచ్చింది. గట్లని ఊకనే చెప్పలే. ఒట్టు పెట్టిచ్చుకున్న. నా కడుపుల సాయికిరణ్ మీద చెయ్యి పెట్టిచ్చి, తాళి కట్టేదాంక పిల్లను ముట్టనని ఒట్టేపిచ్చుకున్న. ముట్టలే గదా?"

ఆ మాట. జుక్కల్ అవతలి ఇంట్లో గుమ్మం దగ్గర నిలబడి శైలేందర్ అన్న మాట. ఆ రోజుల్లో ఆమె ప్రాణం నిలిపింది ఆ ఒక్కటే. ఇన్నేళ్లూ అతని మీద కోపం వచ్చినప్పుడల్లా, అన్నం సరిగా లేదని కంచం నెట్టినప్పుడు, చుట్టాల ముందు నోరు మూయించినప్పుడు, ఎంతైనా ఆ రోజు మాట మీద నిలబడ్డాడు కదా, మనిషిలో ఏదో మంచి ఉంది కదా అని తనకు తాను చెప్పుకొని మళ్లీ వంటింట్లోకి వెళ్లింది. అభికి కూడా ఆ మాటే ఇచ్చింది, అతన్ని పూర్తిగా రాక్షసుణ్ని చేయడానికి మనసొప్పక. వేల మంది ఆ మాటకే గుండెలు పెట్టారు. అది అతని మంచితనం కూడా కాదు. వీళ్లిద్దరి మధ్య కుదిరిన బేరం. సరుకు పాడవకుండా చేరాలని పెట్టుకున్న షరతు.

"నీకు రక్తం పోతుందని చెప్పుమన్నది ఎవరు?" అని అడిగింది.

అనిల చీర అంచు సవరించుకుంది. "గట్ల చెప్పకుంటె నువ్వు బండెక్కకపోతుంటివి," అంది.

ఇంకేమీ అడగవలసింది మిగల్లేదు. అనిల ఏడవసాగింది. ఇన్నేళ్లు మంచిగనే ఉన్నవ్ గదా అంది. నిన్ను నా బిడ్డ లెక్క చూసుకోలేదా అంది. చూసుకుంది, అది నిజమే. జ్వరంలో పక్కన పడుకున్న చెయ్యి, అన్నం కలిపి పెట్టిన చెయ్యి, కడుపు మీద అతని చేతిని పెట్టించుకొని ఒట్టు వేయించుకున్న చెయ్యి ఒకటే. ఇప్పుడు వాటిలో దేన్ని ఉంచుకోవాలి, దేన్ని పారేయాలి. శైలేందర్ తనకు శత్రువని ఆమెకు వ్యాను తిరిగిన క్షణం నుంచీ తెలుసు. శత్రువుతో కాపురం చేయడం ఎట్లాగో నేర్చుకుంది. నేర్పిన మనిషి ఎదురుగా కూర్చొని ముక్కు తుడుచుకుంటోంది.

"చెల్లె," అంది అనిల, చెయ్యి చాపి.

"ఇగ నన్ను గట్ల పిలువకు," అంది పద్మలత. "నేను నీ యారాలను. గంతే."

ఆ సాయంత్రం శైలేందర్ భోజనానికి కూర్చున్నప్పుడు, రొట్టె వేస్తూ అడిగింది. "ఆ దినం నేను మొదటి బస్సుకు వస్తున్నట్టు నీకెవరు చెప్పిండ్రు?"

అతను ఫోన్ నుంచి తలెత్తాడు. ఏ దినమో అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వాడు. "పిల్ల పెండ్లీడుకొస్తుంటె ఇప్పుడెందుకే గా ముచ్చట? ఎవరు చెప్తే ఏంది, మంచిగనే అయింది గదా." మళ్లీ ఫోన్‌లోకి తల దించి, "రేపు గా ఫంక్షన్ హాల్ ఫ్లెక్సీ అయిపోవాలె, పొద్దుగాలనే రా" అన్నాడు. అతని ముఖంలో ఆమె దాపరికం వెతికింది. దాచుకోవలసిన సంగతి అని కూడా అతను అనుకోలేదు. రొట్టె మాడింది. ఆమె దాన్ని తన కంచంలో వేసుకోబోయి, ఆగి, అతని కంచంలోనే వేసింది.

సీరియల్ ఆగిపోయింది. పాఠకులు అడుగుతూనే ఉన్నారు, తర్వాతి భాగం ఎప్పుడు, అభి చైత్ర ఎప్పుడు కలుస్తారు అని. పద్మలత ఒక్కదానికీ జవాబు రాయలేదు. ఫంక్షన్ హాల్ ఫ్లెక్సీ చేసి ఇచ్చింది. చేతిలో ఉన్న కార్డులన్నీ పూర్తి చేసింది. ఆ పెళ్లిళ్లు చేసుకుంటున్న పిల్లలు తనకు ఏ పాపమూ చేయలేదు. ఆదివారం పొద్దున ఎల్లారెడ్డికి బయలుదేరుతుంటే నిరోష తనూ వస్తానంది. ఇంట్లో ఈ నాలుగు రోజులుగా అమ్మా పెద్దమ్మా మాట్లాడుకోవడం లేదని ఆ పిల్ల గమనిస్తూనే ఉంది.

ఎల్లారెడ్డిలో గంగామణి అనే ఆవిడకు జిరాక్సు, టైపింగు దుకాణం ఉంది. మొగుడు పోయాక ఒంటి చేత్తో నడుపుతోంది. ఆమె కార్డులు అచ్చుకు కామారెడ్డి దుకాణానికే వచ్చేవి. ఫోన్‌లో తప్పులు దిద్దించుకుంటూ, "నీ అసొంటి మనిషి నాకు దొరకాలె చెల్లె, జీతమిచ్చి పెట్టుకుంట" అని ఎప్పుడూ అనేది. పద్మలత నవ్వి ఊరుకునేది. ఈసారి వచ్చి ఎదురుగా కూర్చొని, "గా మాట ఉన్నదా అక్కా ఇంకా?" అంది.

గంగామణి ఆమె ముఖం చూసింది, పిల్ల ముఖం చూసింది. ఎందుకని అడగలేదు. "ఉన్నది. రేపటికెల్లి రా," అంది. "వెనుక అర్ర ఖాళీగనే ఉంది, ఉంటనంటె ఉండు. పిల్ల కాలేజీకి పొద్దుగాల కామారెడ్డి బస్సున్నది."

బయటికి వచ్చి ఇద్దరూ బస్టాండుకు నడిచారు. బెంచీ మీద కూర్చున్నాక, "డాడీకి ఎర్కనా?" అంది నిరోష.

"లేదు."

"లొల్లి పెట్టుకున్నరా?"

"లేదు బిడ్డ."

నిరోష చేతిలో ఫోన్ వైపు చూసి, ఎప్పటి మాటే అంది. "గా రైటర్ కూడ కథ ఆపేసింది. అభి, చైత్ర కలుస్తరో లేదో."

"ఆ రైటర్‌ను నేనే," అంది పద్మలత.

ఆ తర్వాత చెప్పింది. ఈ బస్టాండులోనే, ఈ ప్లాట్‌ఫారాల ముందే నిలబడింది అని చెప్పింది. వ్యాను గురించి చెప్పింది. జుక్కల్ అవతలి ఇల్లు, అర్థం కాని భాషలో ఓదార్చి గొళ్లెం పెట్టిన ముసలామె, గుడి, ఠాణా. అక్క ఏం చెప్పిందో, ఎవరి మీద ఒట్టు వేయించుకుందో చెప్పింది. పెద్దగా ఏడవలేదు. ఎండ బెంచీ మీదికి వచ్చింది. ఇద్దరూ జరగలేదు. నిరోష మధ్యలో ఒకసారి "డాడీనా?" అంది, అంతే. ఆ పిల్ల ముఖం చూస్తుంటే, తనకు ఒక రోజులో కూలిన ఇల్లు ఈమెకు ఒక గంటలో కూలుతోందని పద్మలతకు అర్థమైంది. చెప్పకుండా ఉండాల్సిందా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ రేపు ఎవడో ఈ పిల్ల కోసం మందు డబ్బా పట్టుకొని కూర్చుంటే, అది ప్రేమే అనుకునేట్టు పెంచింది ఈ కథే.

పద్మలత చెప్పడం అయిపోయింది. ఇప్పుడు ఏ మాట వస్తుందో అని చూసింది. ఇన్నాళ్లూ విన్నవన్నీ చెవుల్లో ఉన్నాయి. కానీ డాడీ నిన్ను మంచిగనే చూసుకుంటడు గదా. మరి నువ్వెందుకెక్కినవ్. ఇప్పుడనుకొని ఏం లాభం.

నిరోష కళ్లు తుడుచుకుంది. "మరి ఆ దినం నువ్వు యాడికి పోతుంటివి?" అంది.

ఆ మాట పెద్దమనుషులు అడగలేదు. ఠాణాలో అడగలేదు. కథ చదివిన అన్ని వేల మందిలో, చైత్ర ఆ రైలెక్కి ఎక్కడికి పోవాలనుకుందో ఒక్కరూ అడగలేదు. రాసిన తను కూడా రాయడం మర్చిపోయింది.

"నిజామాబాదుకు," అంది. "పంతులమ్మ ట్రైనింగుల సీటు వచ్చింది బిడ్డ. ఆ దినమే పోయి చేరాలె. చిన్నపిల్లలకు తెలుగు చెప్పాలని ఉండె."

కామారెడ్డి బస్సు దుమ్ము రేపుకుంటూ వచ్చి ముందు ఆగింది. జనం తలుపు దగ్గరికి తోసుకుంటున్నారు. పద్మలత అలవాటుగా లేవబోయింది. నిరోష ఆమె చేతిలోని సంచి తీసుకొని తన ఒళ్లో పెట్టుకుంది.

"దీన్ని పోనియ్ మమ్మీ," అంది.